‘పుటప్ విత్ ప్రీవియస్ పేపర్స్’ తప్పు కాదు

సంపాదకులు గారికి నమస్కారములు.

గత వారం మీ పత్రిక విద్యా పుటలో ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బుల (క్రియకు చిన్న మాట తోకగా చేరి అర్థం మారిపోయే పదబంధాల) గురించి వెలువడిన వ్యాసాన్ని నేను రెండుసార్లు చదివాను. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న పిల్లలకు అది చాలావరకు పనికొచ్చే వ్యాసమే. అయితే ‘పుటప్ విత్’ దగ్గరికి వచ్చేసరికి వ్యాసకర్త ప్రభుత్వ కార్యాలయాల గుమాస్తాల మీద ఒక ఛలోక్తి విసిరారు. ‘పుటప్ విత్’ అంటే భరించడమనీ, ఆ సంగతి తెలియని అధికారులు ఫైళ్ల మీద ‘పుటప్ విత్ ప్రీవియస్ పేపర్స్’ అని రాస్తూ పాత కాగితాలను భరించమని కింది ఉద్యోగులను ఆదేశిస్తున్నారనీ, మన దేశంలో ఇంగ్లీషుకు పట్టిన వింత తెగుళ్లలో ఇదొకటనీ ఆయన రాశారు. చదివి నేనూ నవ్వుకున్నాను. కానీ నా నవ్వుకు కారణం వేరు. ఆ వాక్యాన్ని సరిగ్గా ఆయన అర్థం చేసుకున్నట్టే 1983లో నేనూ అర్థం చేసుకున్నాను, దాని ఫలితంగా ఒక రైతు మా కచేరీ చుట్టూ మూడు వారాలు తిరిగాడు. వాక్యం రాసిన అధికారి మాత్రం ఏ తప్పూ చేయలేదు. ఈ ముక్క చెప్పడానికే ఈ ఉత్తరం.

అప్పటికి నేను ఒక తాలూకా కచేరీలో జూనియర్ అసిస్టెంటుగా చేరి రెండు నెలలు కూడా కాలేదు. మండలాలు ఇంకా రాలేదు. అవి 1985లో కదా వచ్చాయి. కాలువ గట్టు పక్కన ఉన్న తన చేను సరిహద్దు గురించి ఒక రైతు పెట్టుకున్న అర్జీ నా సీటుకు వచ్చింది. నేను నాకు తెలిసిన ఇంగ్లీషులో నాలుగు వాక్యాల నోటు రాసి, హెడ్ గుమాస్తా గారి ద్వారా తహసీల్దారు గారికి పంపాను. మర్నాడు ఫైలు కిందికి దిగింది. నోటు కింద సిరాతో, వంకర అక్షరాలతో, ఒకే ఒక్క వాక్యం: ‘పుటప్ విత్ ప్రీవియస్ పేపర్స్’. దాని కింద పొట్టి సంతకం, తేదీ.

నేను బీఏ చదివినవాణ్ణి. జేబులో చిన్న నిఘంటువు పెట్టుకుని తిరిగే అలవాటు ఉన్నవాణ్ణి. ఎవరినీ అడగడానికి నామోషీ వేసి, బల్ల కింద నిఘంటువు తెరిచి చూశాను. ‘పుటప్ విత్’ అంటే సహించుట, ఓర్చుకొనుట అని ఉంది. సరే, ఈ వ్యవహారంలో పాత కాగితాలు ఏవో ఉన్నాయి కాబోలు, వాటితో ఇబ్బంది ఉన్నా ఓపిక పట్టమంటున్నారు కాబోలు అని నాకు నేనే అన్వయం చెప్పుకుని, ఫైలును పెండింగు కట్టలో కట్టేశాను. ఆ రైతు ప్రతి సోమవారం వచ్చేవాడు. ‘ఓపిక పట్టాలి’ అని చెప్పి పంపేవాణ్ణి. నిఘంటువు ప్రకారం నేను చెప్పింది అక్షరాలా సరైనదే.

మూడో వారంలో హెడ్ గుమాస్తా గారు నా పర్సనల్ రిజిస్టరు (నా సీటుకు వచ్చిన కాగితాలను ఎక్కించే పుస్తకం) తనిఖీ చేస్తూ ఆ నంబరు దగ్గర ఆగారు. “ఏమయ్యా, పుటప్ చెయ్యమని రాస్తే మూట కట్టి కూర్చున్నావేం?” అన్నారు. “ఓర్చుకోమన్నారు కదండీ” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నా మొహంలోకి కాసేపు చూసి, ఏమీ అనకుండా లేచి, నన్ను వెంటబెట్టుకుని రికార్డు రూముకు తీసుకువెళ్లారు. ఎర్రగుడ్డ మూటల మధ్య నుంచి అదే చేనుకు సంబంధించిన పాత ఫైలు ఒకటి వెతికి తీసి, దుమ్ము దులిపి, నా ఫైలు కింద దాన్ని పెట్టి, రెండింటినీ కలిపి నాడాతో కట్టారు. పాత ఫైలులో సర్వేయరు నివేదిక ఉన్న పేజీకి ‘ఏ’ అని రాసిన చీటీని గుండుసూదితో గుచ్చారు. ఆ చీటీ మీద వేలు పెట్టి, “ఇదీ నాయనా, ‘విత్’ అంటే” అన్నారు. ఫైలు ఆ సాయంత్రమే పైకి వెళ్లింది. సర్వేయరు నివేదికలో చేను కొలతలన్నీ స్పష్టంగానే ఉన్నాయి కాబట్టి నాలుగో రోజుకల్లా ఉత్తర్వు కూడా దిగింది.

ఇక వ్యాసకర్త వాదన సంగతి చూద్దాం. ఆయన చేసిన పొరపాటు, నేను చేసిన పొరపాటు ఒక్కటే: మూడు మాటలు పక్కపక్కన కనిపించగానే వాటిని ఒకే ముడిగా తీసుకున్నాం. ‘భరించు’ అనే అర్థం ఇచ్చే చోట ‘పుట్’, ‘అప్’, ‘విత్’ అనే మూడూ కలిసి ఒక్క క్రియ. వాటిలో దేన్ని ఊడబెరికినా ఆ అర్థం పోతుంది. ఫైలు మీద రాసిన వాక్యంలో అలా కాదు. అక్కడ క్రియ ‘పుటప్’ వరకే. అంటే ‘పై అధికారి ముందు పెట్టు’. ‘విత్’ అనేది క్రియకు చెందినది కాదు, తర్వాత వచ్చే ‘ప్రీవియస్ పేపర్స్’కు చెందినది, అంటే ‘పాత కాగితాలతో సహా’. కాబట్టి కత్తెర వేయవలసింది ‘పుటప్’కూ ‘విత్’కూ మధ్య.

దీన్ని పరీక్షించడానికి వ్యాకరణ పండితులు అక్కర్లేదు. కర్మను నడుమ దూర్చి చూస్తే చాలు. ‘పుట్ ద ఫైల్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్’ అనవచ్చు. ‘పుట్’కూ ‘అప్’కూ మధ్య ఫైలు హాయిగా ఇమిడిపోతుంది. అసలు అధికారి రాసిన చిన్న వాక్యంలో కూడా ఆ ఫైలు ఉంది, పైకి చెప్పలేదంతే. ఏ కాగితం మీద రాస్తున్నారో ఆ కాగితమే కర్మ. భరించడం అనే అర్థంలో ఇలా నడుమ దూర్చడం కుదరదు. పక్కింటి మోతను భరిస్తున్నానని చెప్పడానికి ‘ఐ పుట్ ద నాయిస్ అప్ విత్’ అని ఏ ఇంగ్లీషువాడూ అనడు. ‘ఐ పుటప్ విత్ ద నాయిస్’ అనే తీరాలి.

దీనికి సంబంధించి చర్చిల్ పేరు మీద చాలాకాలంగా తిరుగుతున్న ఒక కథ ఉంది. వాక్యం చివర విభక్తి లాంటి మాటను వదలకూడదని ఎవరో ఆయన వాక్యాన్ని దిద్దితే, ‘ఇది నేను సహించని రకం పాండిత్యం’ అనే భావాన్ని ఆయన కావాలనే మెలితిప్పి ‘అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్’ అని రాశారట. చర్చిల్ నిజంగా ఆ మాట అన్నారనడానికి గట్టి ఆధారం లేదు, అనలేదనే పరిశోధకులు ఎక్కువగా భావిస్తున్నారు. ఎవరు అన్నా ఆ హాస్యం పుట్టింది మాత్రం విడదీయరాని ముడిని విడదీసినందువల్లే. అదే మా ఫైలు వాక్యాన్ని విడదీసి, ‘ద పేపర్స్ విత్ విచ్ ద ఫైల్ వాజ్ పుటప్’ అని రాయండి, ఎవరికీ నవ్వు రాదు. కొంచెం బిగుసుకున్న కచేరీ ఇంగ్లీషులా ఉంటుంది, అంతే. నవ్వు వచ్చిందా రాలేదా అనేదే ఇక్కడ పరీక్ష.

తెలుగువాళ్లకు ఇది ఇంత కొత్తగా తోచడం నాకు ఆశ్చర్యమే, ఎందుకంటే ఇదే చిక్కుముడి మన ‘తో’లో ఉంది. ‘ఆవిడ ముగ్గురు పిల్లలతో వచ్చింది’ అంటాం, ‘ఆవిడ ముగ్గురు పిల్లలతో వేగుతోంది’ అంటాం. రెండు చోట్లా పిల్లలు ముగ్గురే, విభక్తి ఒక్కటే. కానీ మొదటి వాక్యంలో ‘తో’ను ‘తో సహా’గా మార్చినా అర్థం చెడదు. రెండో వాక్యంలో మారిస్తే, పాపం పిల్లలు కూడా ఎవరితోనో వేగుతున్నట్టు అవుతుంది. ‘వేగడం’ అనే క్రియ ఆ అర్థంలో ‘తో’ లేకుండా నిలబడదు. ‘తో’ తీసేస్తే మిగిలేది బాణలిలో వేగే వడియమే. నా దృష్టిలో ‘పుటప్ విత్’కు మన భాషలో ఉన్న అచ్చమైన సాటి ఈ ‘తో వేగడమే’. నిఘంటువులు ఇచ్చే ‘సహించు’, ‘ఓర్చుకొను’ అనే మాటల్లో ఒక సుగుణం ఉంది, భూదేవి ఓర్పు ఉంది. ‘పుటప్ విత్’లో అది లేదు. అందులో ఉన్నది లోపల సణుక్కుంటూ, బయటికి సర్దుకుపోతూ రోజులు నెట్టుకురావడం. ‘ఈ ఇంటాయనతో వేగలేక చస్తున్నాం’ అని అద్దెకున్నవాళ్లు అనే మాటలో ఉన్న రుచి అదే. వ్యాసంలో ‘భరించు’కు బదులు ఈ మాట ఇచ్చి ఉంటే పిల్లలకు ‘విత్’ ఎందుకు అంటిపెట్టుకుని ఉంటుందో కూడా దానంతట అదే తెలిసి ఉండేది.

ఫ్రేజల్ వెర్బులు ఇంగ్లీషు భాషకే పట్టిన పిచ్చి అన్నట్టుగా వ్యాసకర్త ఒకచోట రాశారు. పరాయివాళ్లకు అవి కష్టమన్న మాట నిజమే. 1755లో వెలువడిన తన నిఘంటువు ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్ ఈ సంగతి ఒప్పుకున్నాడు: క్రియకు ఒక చిన్న మాట తోకగా చేర్చి అర్థం మార్చేసే ఈ పద్ధతి తమ భాషలో విపరీతంగా ఉందనీ, విదేశీయులకు అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది దీనివల్లనేననీ అన్నాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పుకున్నాడు. పేరు లేకముందే రోగం ముదిరిపోయిందన్నమాట.

కానీ మన ‘పెట్టు’ను ఒక్కసారి పరాయివాడి కళ్లతో చూడండి. అన్నం పెట్టడం, పేరు పెట్టడం, సెలవు పెట్టడం, తాళం పెట్టడం సరే. బయటపెట్టడం, మొదలుపెట్టడం, తలపెట్టడం, వదిలిపెట్టడం, నిలబెట్టడం, కనిపెట్టడం, వీటన్నిటిలో ‘పెట్టు’ ఏ వస్తువును ఎక్కడ పెడుతోంది? పైగా ‘కనిపెట్టాడు’ అంటే కొత్తగా కనుగొన్నాడని, ‘కనిపెట్టుకుని ఉన్నాడు’ అంటే కాచుకుని చూస్తున్నాడని. ఇన్ని మెలికలను ఊపిరి పీల్చినంత తేలికగా వాడే మనం ఇంగ్లీషు ‘పుట్’ను చూసి బెదిరిపోవడం వింతగా లేదా? అమెరికాలో పల్లెటూళ్ల ఆడవాళ్లు దోసకాయలను, పళ్లను సీసాల్లో నిల్వచేయడాన్ని కూడా ‘పుటప్’ అనే అంటారు. మనం ఆవకాయ ‘పెట్టినట్టే’ వాళ్లు పికిల్స్ ‘పుటప్’ చేస్తారు. ఈ పోలిక కాకతాళీయమే అయి ఉండవచ్చు గానీ, నాకు మాత్రం వేసవిలో జాడీలు కనిపించినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

‘పుటప్’కు ఇంగ్లీషులో ఉన్న అర్థాలన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. గొడుగు విప్పడం, గుడారం వేయడం, గోడ మీద నోటీసు అంటించడం, ధర పెంచడం, ఎన్నికల్లో అభ్యర్థిని నిలబెట్టడం, ఇల్లు అమ్మకానికి పెట్టడం, ఊరునుంచి వచ్చిన చుట్టాన్ని రాత్రికి ఇంట్లో ఉంచుకోవడం, అన్నీ ‘పుటప్’లే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ‘నీ కత్తిని ఒరలో పెట్టు’ అని యేసు పేతురుతో చెప్పే చోట కూడా ఈ మాటే ఉంది. మా కచేరీ వాక్యానికి సంబంధించినది వీటన్నిటి పక్కన ఉన్న ఇంకొక అర్థం: ఒక ప్రతిపాదనను, ఒక వాదనను నలుగురి పరిశీలనకు ముందుంచడం. ఇది మనవాళ్లు కల్పించుకున్నది కాదు, ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉన్నదే. లండను సచివాలయాల్లో కూడా మంత్రి నిర్ణయం కోసం పంపే కాగితాలను ఇప్పటికీ ‘పుటప్’ చేస్తారు. కింది నుంచి పైకి వెళ్లే కాగితానికి ‘అప్’ అతికినట్టు సరిపోతుంది. మనం మాత్రం? ‘ఫైలు పైకి వెళ్లింది’, ‘ఫైలు కిందికి దిగింది’ అని రోజూ అనుకుంటూనే ఉంటాం. అధికారి గది మా గదికి కింది అంతస్తులో ఉన్నా సరే, ఫైలు పైకే వెళ్లేది.

ఈ వాడుక మన రెండు రాష్ట్రాల కచేరీల్లో అంతగా పాతుకుపోవడానికి కారణం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మనకు వచ్చిన ఆఫీసు పద్ధతి. పెద్దలు దాన్ని టాటెన్‌హామ్ పద్ధతి అనేవారు. తపాలు రాగానే నంబరు వేయడం, పర్సనల్ రిజిస్టరులో ఎక్కించడం, ఉత్తర ప్రత్యుత్తరాలకు కరెంట్ ఫైలు ఒకటి, వాటి మీద రాసే నోట్లకు నోట్ ఫైలు ఒకటి విడివిడిగా నడపడం, పని ముగిశాక కాగితం ఎంతకాలం ఉండాలో దాన్నిబట్టి ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని (‘డిస్.’ అంటే డిస్పోజల్) ముగింపు వేయడం, అంతా ఆ పద్ధతిలోదే. ఆ ఏర్పాటులో అధికారి ఎప్పుడూ తనంతట తాను కాగితం వెతుక్కోడు. గుమాస్తా వెతికి, జతచేసి, చీటీలు గుచ్చి, ముందు పెట్టాలి. అందుకే ‘విత్’కు అంత ప్రాముఖ్యం. ‘పుటప్ విత్ రూల్స్’ అంటే సంబంధించిన నిబంధన ఉన్న పేజీ తెరిచి పెట్టమని. ‘పుటప్ విత్ డ్రాఫ్ట్’ అంటే జవాబు ముసాయిదా రాసి జతచేయమని. వ్యాసకర్త లెక్కలో మొదటిది ‘నిబంధనలను భరించు’ అవుతుంది. నిజానికి కొందరు గుమాస్తాలకు అది కూడా సరిపోయే మాటేనని సర్వీసులో ఉన్నప్పుడు నాకు అనిపించేది, కానీ అది వేరే ఉత్తరానికి సంగతి.

తెలంగాణ ప్రాంతపు మిత్రులకు ఇది ఇంకా తేలికగా అర్థం కావాలి. నిజాం కాలపు ఉర్దూ కచేరీల్లో ఇదే పనిని ‘పేష్ చేయడం’ అనేవారు. ‘పేష్’ అంటే ముందు, ఎదుట అని. కాగితాలను అధికారి ఎదుట పెట్టేవాడు ‘పేష్కారు’. ఆ ఉద్యోగం పేరు దాదాపు వినిపించడం మానేసినా, ‘పేషీ’ అనే మాట రెండు రాష్ట్రాల్లోనూ బతికే ఉంది. మంత్రి గారి పేషీ అంటే కాగితాలు ఆయన ముందుకు వెళ్లే చోటు అన్నమాట. ‘పుటప్’, ‘పేష్’, మన ‘పెట్టడం’, మూడింటిలోనూ ఉన్న భావం ఒక్కటే. 1966లో అధికార భాషా చట్టం వచ్చి, 1974లో అధికార భాషా సంఘం ఏర్పడి, నోట్లు తెలుగులో రాయమని చెప్పడం మొదలయ్యాక మేము ‘ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది’ అని రాయడం నేర్చుకున్నాం. రాతలో ‘సమర్పించడం’ వచ్చింది గానీ నోటిమాటగా ‘సంతకానికి పెట్టాను’, ‘సారు దగ్గర పెట్టాను’ అనేవే నిలిచాయి. దేవుడికి సమర్పించినట్టు ఫైలును సమర్పించడం నాకెప్పుడూ కాస్త ఎబ్బెట్టుగానే ఉండేది.

వ్యాసకర్తతో నేను ఏకీభవించే విషయాలూ ఉన్నాయి. ‘వేర్ ఆర్ యూ పుటప్?’ అని కొత్తవారిని అడగడం గురించి ఆయన హెచ్చరించారు, అది సబబే. ‘మీరు ఎక్కడ ఉంటున్నారు?’ అనే అర్థంలో మన దేశమంతటా ఈ ప్రశ్న చెల్లుతుంది. పూర్వం ఇంగ్లండులోనూ ప్రయాణికులు సత్రంలో ‘పుటప్’ చేసేవారు కాబట్టి దీనికి వంశవృక్షం లేకపోలేదు. కానీ ఇప్పుడు అక్కడ ‘పుటప్’ అంటే ఎవరో ఒకరు మనల్ని రెండు మూడు రోజులకు తమ ఇంట్లో ఉంచుకోవడం. మా అమ్మాయి చదువు కోసం ఇంగ్లండు వెళ్లిన కొత్తలో, స్టేషను దగ్గర ‘పుటప్’ అయ్యానని తోటి విద్యార్థినితో చెబితే, ఆ పిల్ల ఎంతో అభిమానంగా ‘ఎవరింట్లో?’ అని అడిగిందట. మా అమ్మాయి నెలనెలా అద్దె కడుతున్న గది అది. ఇటువంటి చోట వాడుక తేడా ముందే తెలిసి ఉండడం మంచిది, అందులో సందేహం లేదు.

అలాగే ‘పుటప్’ను కచేరీ గోడలు దాటించి, మామూలు జనానికి రాసే ఉత్తరాల్లో వాడడం కూడా తగదు. ‘యువర్ పిటిషన్ విల్ బి పుటప్’ అని జవాబు వస్తే అర్జీదారుడికి తన కాగితం గోడకు అంటిస్తారో, అటక మీద పెడతారో తెలియదు. ఇంటిమాట ఇంట్లోనే ఉండాలి. ఒక్కో చోటికి ఒక్కో ఇంటిమాట ఉంటుంది కూడా. ఢిల్లీ జిల్లా కోర్టుల ఉత్తర్వుల్లో కేసును ఫలానా తేదీకి ‘పుటప్’ చేయమని రాస్తారు. అదే సందర్భంలో మన కోర్టుల్లో ‘కాల్ ఆన్’ అని, తేదీ వేస్తారు. ‘కాల్ ఆన్’ను కూడా మన వ్యాసకర్త పద్ధతిలో చదివితే, కోర్టువారు వాది ఇంటికి మర్యాదపూర్వకంగా వెళ్లి పలకరిస్తామంటున్నారని అర్థం వస్తుంది. అక్కడా ‘ఆన్’ తేదీదే, క్రియది కాదు. ఒక చోట దొరికిన సూత్రం ఇంకొక చోట కూడా పనిచేస్తోందంటే ఆ సూత్రంలో కొంత నిజం ఉన్నట్టే.

అసలు ఇబ్బంది అంతా పట్టికల్లో ఉందని నా అభిప్రాయం. పదో తరగతి నుంచి డీఎస్సీ దాకా పిల్లలు ఫ్రేజల్ వెర్బులను ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు ఒకే ఒక తెలుగు మాట ఉన్న పట్టికలుగా బట్టీ పడుతున్నారు. ‘పుటాఫ్’ అంటే వాయిదా వేయు, ‘పుటాన్’ అంటే ధరించు, ‘పుటప్ విత్’ అంటే సహించు. పరీక్షలో ఖాళీ పూరించడానికి అది చాలు. కానీ పట్టిక అలవాటైన కన్ను వాక్యంలో ఆ మాటలు వరుసగా కనిపించగానే వాటికి కర్మ ఏదో, అవి ఎక్కడ విరుగుతాయో చూడకుండా పట్టికలోని అర్థాన్ని తెచ్చి అంటించేస్తుంది. నేను బల్ల కింద నిఘంటువు తెరిచి చేసింది అదే. చదివి వినిపిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది: భరించడం అనే అర్థంలో మూడు మాటలూ ఒక్క ఊపులో వస్తాయి, మధ్యలో ఆగడానికి వీలుండదు, కచేరీ వాక్యంలో ‘పుటప్’ తర్వాత ఒక్క క్షణం ఆగినా వాక్యం చెడదు. మా హెడ్ గుమాస్తా గారు డిక్టేషను ఇచ్చేటప్పుడు అక్కడ ఆగి, వక్కపలుకు నోట్లో వేసుకుని, ఆ తర్వాతే ‘విత్’ అనేవారు.

ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చింది. మొన్న నా పింఛను పని మీద పాత కార్యాలయానికి వెళ్లినప్పుడు చూశాను, తెర మీద ఎడమ పక్క ఆకుపచ్చ నోటు, కుడి పక్క ఉత్తర ప్రత్యుత్తరాలు. నాడా లేదు, గుండుసూది లేదు, దుమ్ము అంతకన్నా లేదు. నా పూర్వపు సీటులో కూర్చున్న అమ్మాయి, “పుటప్ చేశానండీ, పాత ఫైలు లింక్ చేసి పెట్టాను” అంది. గుచ్చే చీటీ పోయి లింకు వచ్చినా ‘విత్’ చేసే పని అదే. ఆ అమ్మాయికి ఎవరూ నిఘంటువు చూపించి ఉండరు. చేతిలో పని ఉంది కాబట్టి మాట ఎక్కడ విరగాలో తెలిసింది.

వ్యాసకర్త మీద నాకు ఏ కోపమూ లేదని మనవి చేస్తున్నాను. ‘డిస్కస్ అబౌట్’, ‘కోప్ అప్ విత్’ వంటి వాటిని ఆయన తప్పులుగా చూపించడం న్యాయమే. ‘కోప్ అప్ విత్’లో ఆ ‘అప్’ బహుశా ‘పుటప్ విత్’ నుంచే జారిపడి ఉంటుందని నా ఊహ. అయితే ఆ జాబితాలో కచేరీ వాక్యాన్ని చేర్చడం వల్ల, రేపు ఎక్కడో ఉద్యోగంలో చేరబోయే కుర్రవాడు పై అధికారి రాసిన సరైన వాక్యాన్ని చూసి లోలోపల నవ్వుకుంటాడు, లేదా నాలాగా ఫైలును మూట కట్టి కూర్చుంటాడు. వచ్చే వారం విద్యా పుటలో, ఒక చిన్న సవరణగానైనా, ఈ రెండు ‘పుటప్ విత్’లకు చెరొక వాక్యం ఇచ్చి తేడా చూపించవలసిందిగా కోరుతున్నాను. సవరణ రాయవలసింది వ్యాసకర్తే కాబట్టి, దయచేసి నా ఈ ఉత్తరాన్ని ఆయనకు పుటప్ చేయగలరు, గత వారం వ్యాసంతో సహా.

ఇట్లు,
విశ్రాంత రెవెన్యూ సూపరింటెండెంటు,
తెనాలి.